ఇంటికో లీటరు నలుపు

మా ఇంటి గేటు చప్పుడు చెయ్యదు.

మా వీధిలో ఈ మాట గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎదురింటి గేటు తీస్తే పిల్లి అరుస్తుంది. పక్కింటిది పిల్లనగ్రోవి. వెనకింటివాళ్ళదైతే పిల్లల్ని మొదటిరోజు బళ్ళో దించినప్పటి ఏడుపు. మాది మాత్రం మౌనవ్రతం. ఆ పుణ్యం నా స్కూటరుది.

నాకు మడుగుపాలెం మెయిన్‌రోడ్డులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊరివాళ్ళ చూపు సరిచెయ్యడం నా వృత్తి. నా స్కూటరుకి నేనే ఇంజనాయిలు మార్చుకోవడం నా ప్రవృత్తి. మూడు నెలలకోసారి ఆదివారం పొద్దున్నే పాత లుంగీ బిగించి, బండి కింద పాత బేసిను పెట్టి, అడుగున బోల్టు విప్పుతాను. తేనెలా లోపలికెళ్ళిన నూనె తారులా బయటికొస్తుంది. ఉద్యోగంలో చేరిన రోజు మనిషీ, రిటైరైన రోజు మనిషీ అన్నమాట.

ఆ పాత నూనెని నేను పారబొయ్యను. గేటు మడతబందులకి నాలుగు చుక్కలు. పెరట్లో గుంజలకి చెదలు పట్టకుండా ఓ పూత. మిగిలింది సీసాలో పోసి ఉంచితే స్లాబులు పోసే సెంట్రింగు మేస్త్రీ వచ్చి పట్టుకుపోతాడు. చెక్కలకి అది రాస్తే సిమెంటు అంటుకోదట. మా ఆవిడ ఇందుమతి మాత్రం, "ఈ ఇంట్లో గేటుకీ గుంజకీ ఉన్న పోషణ నాకు లేదు," అంటుంది. ఒకసారి నేను పొరపాటున నువ్వులనూనె సీసాలో ఇది పోసి వంటింటి గట్టు మీద పెట్టాను. ఆ పూట మా పోపు బస్టాండులా వాసనేసింది. అప్పట్నించీ నా నూనె పెరట్లోనూ, ఆవిడ నూనె వంటింట్లోనూ ఉంటున్నాయి. నేను మధ్యలో ఉంటున్నాను.

ఇలా చల్లగా సాగిపోతున్న రోజుల్లో మా పురపాలక సంఘానికి పరాంకుశంగారని కొత్త కమిషనరు వచ్చారు. తెల్ల బూట్లు, నల్ల గొడుగు. ఒకరోజు పొద్దున నడకకి వెళ్ళి, కాలవ మీద వంతెన దగ్గర కాలు జారారు. ఎవడో అక్కడ పాత ఇంజనాయిలు ఒంపేసి పోయాడు. ఆయన ఒక్క అడుగే జారారు. ఊరంతా మాత్రం జారుడుబండ ఎక్కింది.

వారం తిరక్కుండా గోడల మీద ఒక ప్రకటన వెలిసింది.

"మడుగుపాలెం పురపాలక పరిధిలోని సమస్త గృహస్థులకు తెలియజేయడమేమనగా, వాహన నిర్వహణ మూలమున గృహములందు ఉత్పన్నమగు పాత నూనెను కాలువలయందు గాని, నేలపై గాని, చెట్ల మొదళ్ళయందు గాని పారబోయక, సీసాయందు పోసి, మూత బిగించి, ప్రతి నెలా పదో తేదీలోగా కార్యాలయమునకు సమర్పించవలెను. ఎంతటివారైనను మినహాయింపు లేదు."

భాష సంగతలా ఉంచితే మాట మంచిదే. నేను చదివి చప్పట్లు కొట్టాను. పదో తేదీన నా సీసా పట్టుకుని వెళ్ళాను కూడా. అక్కడ మెకానిక్ జిలానీ ఒక సీసాతో నిలబడి ఉన్నాడు. ట్రాక్టరున్న రైతొకాయన ఇంకో సీసాతో ఉన్నాడు. మొత్తం మూడు లీటర్లు.

మర్నాడు కమిషనరుగారి కొత్త కళ్ళజోడు ఇద్దామని ఆఫీసుకెళితే అక్కడ సమీక్షా సమావేశం జరుగుతోంది. శానిటరీ ఇన్‌స్పెక్టరు బుల్లెబ్బాయి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. జోడు పుచ్చుకుని పెట్టుకుని, నన్నొక మూల కూచోమన్నారు.

"పట్టణమందు గృహములెన్ని?" అన్నారు కమిషనరుగారు.

"పదకొండు వేల నాలుగు వందల పన్నెండండి."

"సమర్పింపబడిన నూనె?"

"మూడు లీటర్లండి."

"ఇంటికి లీటరు చొప్పున, తక్కిన పదకొండు వేల నాలుగు వందల తొమ్మిది లీటర్లు ఏమైనట్టు?"

బుల్లెబ్బాయి ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను తిరగడం లేదు.

"కాలవలోకి పోయినట్టు!" అని బల్ల చరిచారు కమిషనరుగారు. "ఒక్క లీటరు పది లక్షల లీటర్ల నీటిని పాడుచేయునని శిక్షణలో సెలవిచ్చారు. హెచ్చవేయండి."

బుల్లెబ్బాయి ఫోను తీసి నొక్కాడు. నొక్కినకొద్దీ సున్నాలొచ్చాయి. "ఫోను చాలట్లేదండి. అయినా మన కాలవలో అన్ని నీళ్ళెక్కడున్నాయండి?"

"లేవు కదా? ఎందుచేత లేవు? పాడైపోయినవి కనుక!"

ఇంత పకడ్బందీ వాదం ముందు నోరు మూసుకోవాల్సింది. కానీ నా నోటికి మూత బిగించే అలవాటు లేదు. "బండి లేని ఇళ్ళు కూడా ఉంటాయి కదండీ," అన్నాను.

ఆయన కొత్త జోడులోంచి నన్ను చూశారు. జోడు బాగా కుదిరింది. "మీరు జోడు పెట్టండి, జోక్యం పెట్టకండి," అన్నారు.

ఆ సాయంత్రం రెండో ప్రకటన వెలిసింది. లీటరు ఇవ్వని ఇంటికి లెటరు. లెటరుకి లొంగకపోతే కొళాయి కట్.

మా వీధి మలుపులో వరహాలమ్మక్క తన అరుగు మీద పెసరట్లు వేస్తుంది. పదిహేనేళ్ళుగా నా ఉదయం అక్కడే మొదలవుతుంది. మా ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళలో పెసలు నానవు, నానినా నాలిక ఒప్పుకోదు. తెల్లవారుఝామున మునిసిపల్ కొళాయిలో వచ్చే నాలుగు బిందెల మంచినీళ్ళే ఆవిడ దుకాణం. పెనం రెండోది.

ఆ మర్నాడు నా ముందు రెండో అట్టు పడే సమయానికి బుల్లెబ్బాయి రిజిస్టరుతో దిగాడు.

"వరహాలమ్మగారూ, మీ ఇంటి నించి లీటరు రాలేదండి."

"ఏం లీటరు బాబూ? పాలా?"

"పాత నూనండి. ఇంజనుది."

"నాకు ఇంజనెక్కడిది నాయనా? మా ఆయన ఉన్నప్పుడు ఓ సైకిలుండేది. ఆయన పోయిన ఏడే అదీ పోయింది."

"సైకిలుకి నూనెట్టేవారా?"

"గొలుసుకి కొబ్బరినూని రాసేవాడు, పాపం."

బుల్లెబ్బాయి పెన్ను తీసి, పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. "గృహమందు గతంలో నూనె వాడకం కలదు."

"ఒరే బుల్లెబ్బాయ్," అన్నాను, "ఆవిడకి మోటారున్నది పిండి రుబ్బే గ్రైండరొక్కటే. దాన్ని పిండితే పిండే వస్తుంది."

"నాకు తెలీదేంటండి గురువుగారూ? రోజూ ఇక్కడ తినేవాణ్ణే. కానీ రిజిస్టరులో 'బండి లేదు' అనే గడి లేదండి. 'ఇచ్చారు', 'దాచారు', రెండే ఉన్నాయి. బండి లేదని రవాణా ఆఫీసు నించి కాయితం తెస్తే పైకి పంపుతాను. పదో తేదీ దాటితే మాత్రం కొళాయి కట్టేనండి. నా చేత్తో నేనే కట్టాలి." అని, అట్టు చుట్టి నోట్లో పెట్టుకుని, కళ్ళ నీళ్ళెట్టుకున్నాడు. పచ్చిమిరపకాయ కూడా ఓ కారణం.

మర్నాడు అక్కని స్కూటరు వెనకాల కూచోబెట్టుకుని రవాణా ఆఫీసుకి తీసుకెళ్ళాను. కిటికీలో గుమాస్తా తలెత్తకుండా, "బండి నంబరు?" అన్నాడు.

"బండి లేదు బాబూ. లేదనే కాయితం కావాలి."

"ఏ బండి లేదమ్మా?"

"ఏ బండీ లేదు."

"అలా గంపగుత్తగా ఇవ్వరు. ఫలానా నంబరు బండి మీది కాదని అర్జీ పెట్టుకుంటే, విచారించి, కాదని ఇస్తాం."

"అయితే జిల్లాలో ఉన్న బళ్ళన్నిటికీ పెట్టుకోవాలా?" అన్నాను.

"ఓపికుంటే పెట్టుకోండి. ఇది కాదు, ఇది కాదు అంటూ పోతే చివరికి ఏదీ మిగలకపోతే అప్పుడు మీకు బండి లేనట్టు."

పరబ్రహ్మాన్ని ఇలాగే 'నేతి నేతి' అంటూ తేల్చారని విన్నాను. పెద్దవాళ్ళు నేతితో తేల్చారు, మాకు నూనెతో కూడా తేలలేదు. దారిలో అక్క నా భుజం పట్టుకుని, "తమ్ముడుగారూ, కొళాయి పోతే నేనేం పెట్టి బతకనండి? పెనం ఒక్కటీ ముందెట్టుకుని కూచుంటే జనం దండం పెట్టుకుని పోతారు గానీ అట్టు తింటారా?" అంది. నవ్వుతూనే అంది.

నా నూనె ఇద్దామంటే అది మొదటి నెలకే అయిపోయింది. నా ఇంటి లీటరుకే దిక్కులేదు. జిలానీ షెడ్డుకి వెళ్ళాను. అక్కడ తిరనాళ్ళలా ఉంది. జనం కొత్త నూనె డబ్బాలు కొని తెచ్చి, "భాయ్, పదో తేదీకల్లా ఇది ముసల్దయిపోవాలి," అని బతిమాలుతున్నారు. స్టాండు వేసిన బళ్ళు కదలకుండా రొద పెడుతున్నాయి. ఆ పొగలో జిలానీ కళ్ళు తుడుచుకుంటూ తిరుగుతున్నాడు.

"నాకో రెండు లీటర్లు..." అన్నాను.

"సాబ్, నూనె పాతబడాలంటే బండి తిరగాలి. బండి తిరగాలంటే మనిషికి పనుండాలి. ఈ ఊళ్ళో ఎవరికి పనుంది చెప్పండి?" అన్నాడు.

పని లేకపోయినా తిరిగారు. ఆ పదిహేను రోజులూ ఊరంతా ఊరికే తిరిగింది. పక్కవీధిలో పెళ్ళికి కూడా జనం నాలుగూళ్ళు చుట్టి వెళ్ళారు. ఇందుమతి కొత్తిమీర తెమ్మంటే నేను కాకినాడ వెళ్ళి తెచ్చాను. కట్ట వాడిపోయింది గానీ నూనె కొంచెం కందింది. కాలవని కాపాడటానికి మా ఊరు కాల్చిన పెట్రోలు చూసి బంకువాళ్ళు కమిషనరుగారి ఫోటో పెట్టుకున్నారు.

తిరగలేనివాళ్ళు తెలివి వాడారు. ఒకరు బొగ్గునీళ్ళు, ఒకరు డికాషను, స్కూలు పక్కనున్నాయన సిరా తెచ్చి ఇచ్చారు. దాంతో నూనె నలుపుని నిర్ధారించాల్సిన అవసరం ఏర్పడింది. పురపాలక సంఘానికి ప్రయోగశాల లేదు. కమిషనరుగారి గొడుగు ఉంది. "సమర్పిత నూనె, కార్యాలయ గొడుగు గుడ్డకు తీసిపోని నలుపు కలిగి ఉండవలెను," అని మూడో ప్రకటన వచ్చింది. చూపు సంగతులు తెలిసినవాణ్ణని నన్ను 'గౌరవ నలుపు నిర్ణేత'గా వేశారు. గౌరవం అంటే జీతం ఉండదని అర్థం. ఒక కుర్చీ, ఒక గొడుగు ఇచ్చారు.

పదో తేదీన వరస ఆఫీసు గేటు దాటి రోడ్డెక్కింది. నేను గొడుగు ఎడంచేత్తో విప్పి పట్టుకుని, కుడిచేత్తో సీసా ఎత్తి, నలుపుని నలుగురి ముందూ నిర్ణయిస్తున్నాను. సరిగ్గా కమిషనరుగారు నా పక్కకి వచ్చి నిలబడినప్పుడే వరహాలమ్మక్క వంతు వచ్చింది. చేతిలో పాత షర్బత్తు సీసా, సీసా మెడకి పసుపు దారం.

సీసా ఎత్తాను. నల్లగా నిగనిగలాడింది. గొడుగే కాస్త తెల్లబోయింది. మూత తీస్తే ఆవదం, మాడిన అల్లం, ఆ వెనకాల జీలకర్ర. నాకు ఆకలేసింది.

"అక్కా, ఏంటిది?" అన్నాను పెదవి కదపకుండా.

"ఆవదంలో పెనం మసి తమ్ముడుగారూ," అంది అక్క, పెదవి కదిపీ కదపకుండా. "పదిహేనేళ్ళ మసి. మీరు తిన్న అట్లదే చాలామట్టుకి."

కమిషనరుగారు ముక్కు ముందుకి చాపారు. "ఏ వాహనానిదిది?"

నా పదవి మొదటిసారి బరువనిపించింది. కాదంటే కొళాయి పోతుంది. ఔనంటే నా నలుపు నిజాయితీ పోతుంది. నిజాయితీకి పెసరట్టు వెయ్యడం రాదు. "చాలా పాత రకం బండి సార్," అన్నాను. "ఇప్పుడా కంపెనీ లేదు."

"లీటరుకెంత ఇస్తుంది?" అని అక్కనడిగారు.

"ముప్ఫై దాకా వస్తాయండి. పల్చగా వేస్తే నలభై," అంది అక్క.

"భేష్," అన్నారు కమిషనరుగారు. నేను గొడుగు మూసి, ఠప్పున ముద్ర కొట్టాను.

సాయంత్రానికి పదకొండు వేల నాలుగు వందల పన్నెండు ఇళ్ళకి పదకొండు వేల నాలుగు వందల పన్నెండు సీసాలు వచ్చాయి. మా ఊళ్ళో ఓట్లు కూడా ఇంత కచ్చితంగా ఎప్పుడూ పడలేదు. కమిషనరుగారి కళ్ళు చెమర్చాయి. "చూశారా?" అన్నారు నాతో. "లేదు లేదన్నారు. ఇదంతా ఎక్కడ దాచుకున్నారు మరి?"

నిజానికి ఆయన లెక్క నెగ్గింది.

తరవాత అందరికీ ఒకేసారి తట్టిన ప్రశ్న, ఈ సీసాలేం చెయ్యాలని. ఆయన రాసిన నిబంధనల్లోనే పారబోయరాదని ఉంది. కాల్చరాదని ఉంది. అమ్మరాదు, ఊరక ఇవ్వరాదు. పాత నూనె శుద్ధిచేసే కార్ఖానాకి పది సీసాలు పంపితే, వాళ్ళు పరీక్షించి, సీసాలు వెనక్కి పంపుతూ ఉత్తరం రాశారు. "తమరు పంపిన పదింటిలో ఇంజనుకు సంబంధించినది ఒక్కటే. మూడు బొగ్గునీళ్ళు, రెండు సిరా, తక్కినవి మాకు బోధపడలేదు. ఒకదానిలో పంచదార వేసినట్టున్నారు."

ఉత్తరాన్ని కమిషనరుగారు మడిచి సొరుగులో పెట్టి తాళం వేశారు. ఎందుకంటే అప్పటికే మా పథకానికి రాష్ట్రస్థాయి పతకం ఖాయమైంది. పరిశీలక బృందం వారంలో వస్తోంది. సీసాలేమో సమావేశ మందిరం నిండి, మెట్లు దిగి, జనన మరణాల విభాగంలోకి వచ్చేశాయి. ఆ వారం మా ఊళ్ళో పుట్టినవాళ్ళు ఆగాల్సి వచ్చింది. అడుగు పెడితే జారుతోంది. ఒక జారుడుతో మొదలైన పథకం ఇంకో జారుడుతో ముగిస్తే అందంగా ఉండదు.

అందుకని నాలుగో ప్రకటన వెలువడింది. "సమర్పింపబడిన నూనెను భద్రపరచు నిమిత్తము, గృహ సంరక్షణ పథకము క్రింద, ఇంటికి లీటరు చొప్పున గృహస్థులకే అప్పగించడమైనది. ఎవరును ఒక్క చుక్క తగ్గించరాదు. వచ్చే పదో తేదీన తిరిగి సమర్పించవలెను."

జనం ఇచ్చిన చేతుల్తోనే పుచ్చుకున్నారు. నూనె జిడ్డుకి సీసాల మీది చీటీలు ఊడిపోవడంతో ఎవరిది ఎవరికొచ్చిందో తెలియలేదు. మా ఇంటికి సిరా వచ్చింది. వరహాలమ్మక్కకి ఎవరిదో అసలు సిసలు ట్రాక్టరు నూనె దక్కింది. బృందం వచ్చింది, అద్దంలా ఉన్న ఆఫీసు చూసింది, రిజిస్టరు చూసింది, పతకం ఇచ్చి భోంచేసి వెళ్ళిపోయింది. అదే నూనె వచ్చే నెల మళ్ళీ వస్తే లెక్కలో రెట్టింపవుతుంది. ఏడాది గడిస్తే ఊళ్ళోకి వచ్చిన నూనె కన్నా ఊళ్ళో పాతబడిన నూనె పన్నెండింతలవుతుంది. సముద్రం కూడా మా రిజిస్టరు ముందు దిగదుడుపే.

అందరూ సుఖంగా ఉన్నారు. వరహాలమ్మక్క కొళాయి పారుతోంది. నాకు పెసరట్టు పడుతోంది. ఇలాగే సాగిపోయేదే, ఆ పదో తేదీన ఒక్క సీసా తగ్గకపోయుంటే.

బుల్లెబ్బాయి మా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"పదకొండు వేల నాలుగు వందల పదకొండే వచ్చాయండి గురువుగారూ. ఒక ఇల్లు ఇవ్వలేదు."

"ఏ ఇల్లు?"

"ఒకటో నంబరండి."

ఒకటో నంబరు కమిషనరుగారి బంగళా.

జరిగిందేమిటంటే, పంపకంలో పసుపు దారం కట్టిన షర్బత్తు సీసా ఆ బంగళాకి చేరింది. కమిషనరుగారి అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ మూత తీసి వాసన చూసి, పసుపు దారం చూసి, కొడుకు తన బాధ కనిపెట్టి తైలం తెప్పించాడని మురిసిపోయి, పూటకింత చొప్పున మర్దనా చేసుకున్నారు. వారం తిరిగేసరికి మేడ మెట్లెక్కారు. పదో తేదీ నాటికి సీసా ఖాళీ.

"మరి నువ్వేం చేశావు?" అన్నాను.

"ప్రకటనలో 'ఎంతటివారైనను' అని ఉందండి. ఆయన చేతి రాతే. లెటరు గేటుకంటించి పరిగెత్తుకొచ్చేశానండి. మూడు రోజుల్లో కట్ చెయ్యాలి." నా మంచినీళ్ళ గ్లాసెత్తి గటగటా తాగేశాడు. "ఉద్యోగం ఉంటుందంటారా?"

మర్నాడు పొద్దున నేను అరుగు మీద అట్టు విరుస్తుంటే, నల్ల గొడుగొకటి వంగి లోపలికొచ్చింది. దాని కింద కమిషనరుగారు ఉన్నారు. జవాను లేడు, జీపు లేదు. నా పక్కన కూచుని, అల్లం ఎక్కువేసి ఒకటి అన్నారు. తిన్నారు. ఇంకొకటి తిన్నారు. చేతులు కడుక్కుని, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, మీ దగ్గర... ఒక లీటరు..."

"ఏం లీటరు బాబూ? పాలా?" అంది వరహాలమ్మక్క.

"అది కాదమ్మా. పాత నూనె. మునుపు తమరు సమర్పించిన బాపతు."

"నాకు ఇంజనెక్కడిది నాయనా?" అంది అక్క, అట్టు తిరగేస్తూ.

పెనం సుయ్యిమంది. కమిషనరుగారి మాటలో గ్రాంథికం కరిగి కారిపోయింది. "అమ్మ నిన్న మళ్ళీ మెట్లెక్కలేకపోయింది. నేనడిగేది లెక్క కోసం ఒకటి, ఆవిడ కోసం ఒకటి."

అక్క అట్లకాడ పక్కన పెట్టింది. "అమ్మగారికైతే ఇప్పుడే కలిపిస్తాను, పట్టుకెళ్ళండి. దానికి కాయితాలక్కర్లేదు. ఆ లెక్క లీటరు కావాలంటే మాత్రం, నాకు బండి లేదని మీరే ఓ ముక్క రాసివ్వండి. రేపు మీరెళ్ళిపోయి ఇంకోరొచ్చినా నా కొళాయి జోలికి రాకూడదు."

ఆయన పెన్ను తీశారు. తీసి ఆగిపోయారు. నాకు అర్థమైంది. ఒక్క ఇంట్లో బండి లేదని రాస్తే, ఆ ఇంటి లీటరు ఎక్కణ్ణించొచ్చిందని అడుగుతారు. ఆ ఒక్కటీ లాగితే పదకొండు వేల చిల్లర ఊడొస్తాయి. వాటి వెనకాలే పతకం. పెన్ను చాలాసేపు కాయితం మీద వేలాడింది. తరవాత ఆయన మొహంలో పాత వెలుగు వచ్చింది, భాషతో సహా.

"సదరు గృహమును నమూనా గృహముగా ప్రకటించడమైనది," అని రాస్తూ చదివారు. "సదరు గృహస్థురాలు సమర్పించునది నూనె కాదు, నమూనా. నమూనాకు నమూనా అక్కరలేదు గనుక, వీరికి శాశ్వత మినహాయింపు. నమూనా తయారీ నిమిత్తము రెండవ కొళాయి మంజూరు."

"బండి లేదని రాశారా?" అని అక్క నన్నడిగింది.

"అంతకన్నా గట్టిదే రాశారక్కా," అన్నాను. "నీ ఇంట్లో బండి ఉందా లేదా అని అడగడానికి ఇక ఎవరికీ హక్కు లేదు."

సంతోషంతో నేను మూడో అట్టు తిన్నాను. ఆ సంతోషంలో ఒక చిన్న విషయం గమనించలేదు. నమూనా మారితే పరీక్ష కూడా మారుతుంది.

ఐదో ప్రకటన వారంలోనే వచ్చింది. "ఇకపై సమర్పించు పాత నూనె నమూనాకు సరితూగునట్లు, అల్లము జీలకర్రల వాసన కలిగి, మోకాళ్ళకు హితవుగా ఉండవలెను." కంటితో తేలేది కాదు గనుక నన్ను కుర్చీలోంచి లేపి, ముక్కుపొడి కొట్టాయన్ని కూచోబెట్టారు. గొడుగు కూడా లాక్కున్నారు. వరహాలమ్మక్క అరుగు ముందు సీసాల వరస అట్ల వరసని దాటిపోయింది.

పైనెల నా స్కూటరుకి నూనె మార్చే ఆదివారం వచ్చింది. లుంగీ, బేసిను, బోల్టు. నల్లటి, చిక్కటి, ఇంజనులో పుట్టి ఇంజనులో కాలిన నూనె. ఊరు మొత్తం మీద ఆ నెల అసలైన లీటరు అదొక్కటే అయ్యుంటుంది. అక్క నాకో సీసా కలిపిస్తానంది. నేనే వద్దన్నాను. నిజమైన నూనె ఉన్నవాడికి నమూనా ఎందుకన్నాను. పదో తేదీన గర్వంగా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

ముక్కుపొడి కొట్టాయన మూత తీసి, పీల్చి, తుమ్మి, మళ్ళీ పీల్చాడు. "అల్లం లేదు."

"ఉండదండి. ఇది నిజంగా స్కూటరుది."

"వచ్చిన ప్రతివాడూ అదే అంటాడు," అని సీసా వెనక్కి నెట్టాడు. "నకిలీ."

పక్కనే ఉన్న బుల్లెబ్బాయి నా వంక చూడకుండా రిజిస్టరులో రెండో గడిలో, 'దాచారు' అన్నచోట, టిక్కు పెట్టాడు.

మా గేటుకి లెటరంటింది. మూడో రోజున, మూల పడున్న ఆ సీసా చూసి ఇందుమతి, "పోన్లెండి, గేటుకి రాసుకోండి, దానికైనా మీ విలువ తెలుసు," అంది. రాశాను. మడతబందులకి నాలుగు చుక్కలు వెయ్యాల్సినచోట కసికొద్దీ నలభై వేశాను. గొళ్ళానికి కూడా పట్టించాను. ఇటు తోస్తే వెన్నలా వెళ్ళింది, అటు తోస్తే వెన్నెల్లా వచ్చింది.

తరవాత చేతుల జిడ్డు వదిలించుకుందామని స్నానాలగదిలోకి వెళ్ళాను. మొహం నిండా సబ్బు పట్టించుకుని కొళాయి తిప్పాను. అది ఒకసారి ఎక్కిళ్ళు పెట్టి, ఊరుకుంది.

ఒక కన్ను మూసుకుని, తువ్వాలు చుట్టుకుని ముంగిట్లోకొచ్చాను. బుల్లెబ్బాయి గోడ పక్కన గొంతుక్కూచుని, మా గొట్టానికి బిరడా బిగిస్తున్నాడు.

"ఎప్పుడొచ్చావురా? గేటు చప్పుడే కాలేదు!"

"తమరి గేటు చప్పుడెక్కడ చేస్తుందండి?" అన్నాడు బుల్లెబ్బాయి. పానా పక్కన పెట్టి లేచి, తలుపు రెక్కని ముందుకీ వెనక్కీ మెల్లిగా రెండుసార్లు ఊపి చూశాడు. తరవాత చుట్టూ ఎవరూ లేరని నిర్ధారించుకుని, గొంతు తగ్గించాడు.

"మా ఇంటిది చంపేస్తోందండి గురువుగారూ, తీసినప్పుడల్లా కిర్రుమని. ఆ నకిలీ ఏమైనా మిగిలుంటే ఓ నాలుగు చుక్కలిప్పిద్దురూ."